వేదికకూ వేదికకూ మధ్య

రాక్ బ్యాండ్ల పర్యటనల గురించి కొన్ని నెలలుగా పాఠకులు రాస్తున్న ప్రశ్నలను ఒకచోట చేర్చి, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగిన ఉత్తరాలు కనుక జవాబులను వరుసగా చదవవలసిందిగా కోరుతున్నాను.

ప్రశ్న: పెద్ద బ్యాండ్ల కచేరీ రెండు గంటల్లో ముగిసిపోతుంది కదా, రోజులో మిగిలిన ఇరవై రెండు గంటలూ వాళ్లు ఏం చేస్తారు? సినిమాల్లో చూపించినట్టు విందులూ వినోదాలేనా?
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: చాలావరకు ప్రయాణం చేస్తారు, తక్కిన సమయమంతా ఎదురుచూస్తారు. అమెరికా, యూరప్‌లలో ఓ మాదిరి పేరున్న బ్యాండు రాత్రి పదకొండు గంటలకు కచేరీ ముగించి, అర్ధరాత్రి దాటాక బస్సెక్కి, నిద్రలోనే తర్వాతి ఊరు చేరుతుంది. ఆ బస్సులో సాధారణంగా పన్నెండు పడకలుంటాయి. ఒక్కొక్కటి మన రైలు బెర్తును మించి ఉండదు, తలుపు ఉండవలసిన చోట ఒక తెర వేలాడుతుంది. కాళ్లు బస్సు ముందువైపుకు పెట్టి పడుకోవాలన్నది పాతవాళ్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట, ఎందుకంటే డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు దెబ్బ తలకు కాకుండా కాళ్లకు తగలాలి. తెల్లవారి తెర తొలగిస్తే కనిపించేది ఊరు కాదు, ఏదో ఒక స్టేడియం వెనుక లారీలు ఆపుకొనే స్థలం. పొద్దున్నుంచి సహాయక సిబ్బంది సామాను దించి దీపాలు, స్పీకర్లు బిగిస్తారు. మధ్యాహ్నం బ్యాండు వచ్చి, శబ్దం సరిగా వస్తోందో లేదో వాయించి చూసుకొనే సౌండ్ చెక్ గంటసేపు చేసుకుంటుంది. అక్కడి నుంచి రాత్రి వేదిక ఎక్కేవరకు దొరికే నాలుగైదు గంటలు ఊరు చూడటానికీ చాలవు, కంటినిండా నిద్రపోవడానికీ చాలవు. రాక్ సంగీతకారుల్లో ఇంతమందిని తాగుడుకూ మత్తుమందులకూ అలవాటు చేసింది విందుల కంటే ఈ పనికిరాని ఖాళీయేనని నా నమ్మకం.

ఇదంతా బస్సు దొరికే స్థాయికి ఎదిగినవాళ్ల సంగతి. అంతకుముందు దశ ఎలా ఉంటుందో తెలియాలంటే 1963 జనవరిలో ఇంగ్లండు చలిలో లండన్ నుంచి లివర్‌పూల్‌కు వెళ్తున్న బీటిల్స్ వ్యాన్‌ను తలచుకోవాలి. దారిలో ముందరి అద్దం పగిలిపోయింది. డ్రైవరు మాల్ ఎవాన్స్ ముఖానికి గాలి కొడుతుండగానే వందల కిలోమీటర్లు నడిపాడు. వెనుక నలుగురూ వెచ్చదనం కోసం ఒకరి మీద ఒకరు పడుకొని, పైనున్నవాడు గడ్డకట్టుకుపోయేసరికి కిందికి దిగుతూ, వంతులు మార్చుకుంటూ ఇల్లు చేరారు. దేశమంతా వాళ్ల పేరు మారుమోగడానికి అప్పటికి కొన్ని వారాలే మిగిలి ఉంది.

ప్రశ్న: పర్యటనల్లో ఉండగా ప్రమాదాల్లో మరణించిన రాక్ సంగీతకారుల గురించి తరచూ చదువుతుంటాను. ఇది కేవలం దురదృష్టమా?
– బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: దురదృష్టమని సరిపెట్టుకోలేను. ఈ సంగీతంలో అతి ప్రమాదకరమైన చోటు వేదిక కాదు, రెండు వేదికల మధ్యనున్న దూరం. ఆ దూరాన్ని ఎంత సమయంలో దాటాలో నిర్ణయించేది చాలాసార్లు ఆ బస్సులో కూర్చోనివాళ్లు.

1959 జనవరి 23న అమెరికాలోని మిల్వాకీలో పలువురు రాక్ గాయకులతో మొదలైన ఒక శీతాకాలపు పర్యటనలో ఇరవై నాలుగు రోజులకు ఇరవై నాలుగు ఊళ్లు నిర్ణయించారు. ఊళ్ల మధ్య దూరాలను ఎవరూ పట్టించుకోలేదు, అందుచేత విస్కాన్సిన్, మిన్నెసోటా, అయోవా రాష్ట్రాల్లో బస్సు వెళ్లిన దారినే మళ్లీ వెనక్కి వస్తూ తిరిగింది. గడ్డకట్టించే చలిలో హీటరు చెడిపోయింది, డ్రమ్మర్ కార్ల్ బంచ్ పాదాలు చలికి దెబ్బతిని ఆసుపత్రిలో చేరాడు. ఫిబ్రవరి 2 రాత్రి క్లియర్ లేక్‌లో కచేరీ ముగిశాక మరో ఐదారు వందల కిలోమీటర్లు అదే బస్సులో పడి వెళ్లే బదులు, ముందుగా చేరుకుంటే మాసిన బట్టలు ఉతికించుకొని కాసేపు పడుకోవచ్చుననే ఆశతో 22 ఏళ్ల బడ్డీ హోలీ ఒక చిన్న విమానాన్ని అద్దెకు మాట్లాడాడు. ఫ్లూ జ్వరంతో ఉన్న జె.పి. రిచర్డ్‌సన్‌కు హోలీ బృందంలోని వేలన్ జెన్నింగ్స్ తన సీటు ఇచ్చాడు. 17 ఏళ్ల రిచీ వాలెన్స్ నాణెం ఎగరవేసి ఇంకో సీటు గెలుచుకున్నాడు. విమానం నడిపిన యువకుడికి 21 ఏళ్లు, కేవలం పరికరాలను చూసి నడపడానికి కావలసిన అర్హత ఇంకా రాలేదు. మంచు కురుస్తున్న అర్ధరాత్రి బయలుదేరిన కొద్ది నిమిషాలకే విమానం పొలంలో కూలి నలుగురూ మరణించారు. ఆ సాయంత్రం తర్వాతి ఊరైన మూర్‌హెడ్‌లో కచేరీ యథావిధిగా జరిగింది, పర్యటన మరో రెండు వారాలు సాగింది. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ చివరి సంగతే.

1977 అక్టోబరు 20న లినర్డ్ స్కినర్డ్ బ్యాండు అద్దె విమానం మిసిసిపీ రాష్ట్రంలో అడవిలో కూలడానికి కారణం ఇంధనం అయిపోవడం. గాయకుడు రానీ వాన్ జాంట్‌తో కలిపి ఆరుగురు పోయారు. అదే విమానాన్ని అంతకుముందు ఏరోస్మిత్ బృందం తరఫున పరిశీలించినవాళ్లు వద్దని తిప్పి పంపారు. 1986 సెప్టెంబరు 27 తెల్లవారుజామున స్వీడన్‌లో మెటాలికా బస్సు బోల్తాపడి 24 ఏళ్ల బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ మరణించాడు. మంచి పడక ఎవరికన్న విషయం తేల్చుకోవడానికి ఆ రాత్రి పేకముక్కలు తీసి చూస్తే గెలుపు అతనిదే అయింది. రోడ్డు మీద మంచు పేరుకొని బస్సు జారిందని డ్రైవరు చెబితే, బ్యాండు గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒంటి మీద సరైన బట్టలైనా లేకుండా ఆ చలిలో రోడ్డు వెంట నడుస్తూ మంచు కోసం వెతికాడు, అతనికి కనిపించలేదు.

ప్రశ్న: గోధుమరంగు మిఠాయి గోళీలు కనిపిస్తే కచేరీ రద్దు చేస్తామని ఒక బ్యాండు ఒప్పందంలో రాయించుకుందట. ఇంత అహంకారమా?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ఆ బ్యాండు వాన్ హేలెన్. 1982 నాటి వారి ఒప్పందంలో, తెరవెనుక ఉంచే ఎం అండ్ ఎమ్స్ గోళీల్లో గోధుమరంగువి ఒక్కటి కూడా ఉండరాదనే షరతు నిజంగానే ఉంది. కానీ అది అహంకారంతో పెట్టిన షరతు కాదు. అప్పటి బ్యాండ్లలో చాలావాటికి రెండు మూడు లారీలు సరిపోతుండగా వీరి సామానుకు తొమ్మిది పెద్ద లారీలు కావలసి వచ్చేవి. వేదిక ఎంత బరువు మోయాలి, కరెంటు ఎంత కావాలి అనే వివరాలతో ఒప్పందం ఒక పుస్తకమంత ఉండేది. చిన్న ఊళ్ల నిర్వాహకులు దాన్ని చదవకుండానే సంతకం పెట్టేవారు. గోధుమరంగు గోళీ కనిపించిందంటే మిగతా పేజీలూ చదవలేదని అర్థం చేసుకొని, ప్రతి తీగనూ ప్రతి బోల్టునూ మళ్లీ పరీక్షించేవాళ్లమని గాయకుడు డేవిడ్ లీ రాత్ తర్వాత వివరించాడు. కొలరాడోలో ఒకచోట బరువు వివరాలు చదవనందువల్ల వేదిక కింది నేల కుంగిపోయిందని కూడా అతనే చెప్పాడు.

ప్రశ్న: బీటిల్స్ కీర్తి శిఖరాన ఉండగా పర్యటనలు ఎందుకు మానేశారు?
– ఇంజనీరు, డాలస్

జవాబు: వాళ్లు వాయిస్తున్నది వాళ్లకే వినిపించలేదు కనుక. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో 55 వేలమందికి పైగా వచ్చారు. గొంతులు వినిపించడానికి ఉన్నవి ఆటల సమయంలో ప్రకటనలు చేసే స్పీకర్లు. వేదిక మీద తమ స్వరం తమకు తిరిగి వినిపించే మానిటర్లు అప్పటికి లేవు. కేకల హోరులో రింగో స్టార్ ముందున్న ముగ్గురి కదలికలను చూసి పాట ఎంతవరకు వచ్చిందో ఊహించుకుంటూ డ్రమ్స్ వాయించేవాడు. మరుసటి ఏడాది భయం కూడా తోడైంది. 1966 జూలైలో మనీలాలో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడి భార్య ఇమెల్డా మార్కోస్ ఇచ్చిన విందుకు వెళ్లనందుకు రక్షణ ఉపసంహరించారు, విమానాశ్రయంలో వారిని తోసి, కొట్టబోయారు. ఆగస్టులో మెంఫిస్ కచేరీలో ఎవరో టపాకాయ విసిరితే, తుపాకీ పేలిందనుకొని, కూలినవాడెవరోనని నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. రెండు రోజుల తర్వాత సెయింట్ లూయీలో వాన పడుతుండగా ఏదో తాత్కాలికపు కప్పు కింద, విద్యుత్ తీగల మధ్య నిలబడి వాయించారు. అంతవరకు పర్యటనలు కొనసాగిద్దామంటూ వచ్చిన పాల్ మెకార్ట్‌నీ కూడా అప్పుడే ఇక చాలన్నాడు. ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కో కాండిల్‌స్టిక్ పార్కులో పదకొండు పాటలు పాడి, అరగంటకు కొంచెం పైగా సాగిన కచేరీతో ముగించారు.

కానీ మెకార్ట్‌నీకి రోడ్డు మీద మమకారం చావలేదు. 1972 ఫిబ్రవరిలో భార్య లిండా, పిల్లలు, కుక్కలతో సహా వింగ్స్ అనే కొత్త బ్యాండును వ్యాన్‌లో ఎక్కించుకొని, ముందుగా హోటలైనా మాట్లాడుకోకుండా, నాటింగ్‌హామ్ మొదలుకొని విశ్వవిద్యాలయాల చుట్టూ తిరిగి, కనిపించిన విద్యార్థి సంఘాన్ని అడిగి మరీ పాడాడు. ఆ పర్యటన నాకు ఎంతో ఇష్టం.

ప్రశ్న: సురభి నాటక సమాజాల వాళ్లు తెరలూ తాళ్లూ దీపాలూ తామే మోసుకొని ఊరూరా తిరిగేవారని మా పెద్దలు చెప్పేవారు. రాక్ బ్యాండ్లలో ఆ పని ఎవరిది?
– ఉపాధ్యాయిని, కడప

జవాబు: 1885లో మీ జిల్లాలోని సురభి గ్రామంలో పుట్టిన ఆ సమాజాల్లో, రాత్రి కృష్ణుడి వేషం కట్టినవాడే తెల్లవారి గుంజలు పీకేవాడు. రాక్ బ్యాండ్లలో మొదట్లో అలాగే ఉండేది. సామాను పెరిగేకొద్దీ దానికి ప్రత్యేకంగా మనుషులు ఏర్పడ్డారు. వారిని రోడీలు అంటారు. బ్యాండు కంటే ముందు లేచి, బ్యాండు తర్వాత పడుకొనే ఈ మనుషుల పేర్లు ప్రేక్షకులకు తెలియవు. గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండు 1974లో వాడిన ‘శబ్దపు గోడ’ అనే స్పీకర్ల అమరికలో సుమారు 600 స్పీకర్లు, దాదాపు 75 టన్నుల సామాను ఉండేవి. ఒక వేదికపై కచేరీ జరుగుతుండగానే రెండో వేదిక సామాను తర్వాతి ఊరికి బయలుదేరేది. ఆ ఖర్చునూ శ్రమనూ భరించలేక అదే ఏడాది చివర బ్యాండు పర్యటనలకు విరామం ఇచ్చింది. 2009–2011 మధ్య యూటూ బ్యాండు బ్రహ్మాండమైన ఉక్కు వేదికలను ఏకంగా మూడింటిని ఇలాగే ఊరి తర్వాత ఊరికి నడిపించింది.

ప్రశ్న: మా అబ్బాయి బ్యాండు హైదరాబాద్ నుంచి బెంగళూరు, చెన్నై, విజయవాడ వెళ్లి కచేరీలు చేస్తానంటోంది. నలుగురూ ఇరవై రెండేళ్ల లోపువాళ్లే. వద్దనడం నాకు ఇష్టం లేదు, కానీ భయంగా ఉంది.
– ఒక తల్లి, వరంగల్

జవాబు: వెళ్లనివ్వండి అమ్మా, అయితే కొన్ని షరతులు పెట్టండి. మీరు రాసిన ఊళ్ల వరుస బాగుంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు సుమారు 570 కిలోమీటర్లు, అక్కడి నుంచి చెన్నై 350, చెన్నై నుంచి విజయవాడ 450, మళ్లీ ఇల్లు 275. వెనక్కూ ముందుకూ తిరిగే అవసరం లేదు. నిర్వాహకులు తేదీలు మార్చమన్నా ఈ వరుస మాత్రం మార్చుకోవద్దని చెప్పండి. కచేరీ ముగించిన రాత్రి వాళ్లలో ఎవరూ బండి నడపకూడదు. వాయించి వచ్చిన ఉత్సాహంలో నిద్ర రాదనిపిస్తుంది కానీ, తెల్లవారుజామున మూడు గంటలకు జాతీయ రహదారి మీద రెప్ప దానంతట అదే వాలిపోతుంది. ఆ రాత్రి అక్కడే గది తీసుకొని పొద్దున బయలుదేరడం, లేదా రైలు టికెట్లు ముందే తీసుకోవడం మేలు. డ్రమ్ములను మోసుకెళ్లకుండా అక్కడే అద్దెకు తీసుకుంటే రైలు ప్రయాణం కష్టమేమీ కాదు.

రెండో షరతు కరెంటుది. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు, చేతిలో గిటారు ఉండగా, సరిగా ఎర్తింగ్ లేని మైకును ముట్టుకొని వేదిక మీదే ప్రాణం విడిచాడు. మన దగ్గర జనరేటరు మీద నడిచే కాలేజీ ఉత్సవాల్లో ఎర్తింగ్‌ను నమ్మి పెదవి మైకుకు ఆనించడం మంచిది కాదు. రెండు మూడు వందల రూపాయల మల్టీమీటరు ఒకటి కొనిపెట్టి, దాన్ని ఏసీ వోల్టేజీకి తిప్పి, ఒక కొసను గిటారు తీగకూ ఇంకో కొసను మైకు జాలీకీ ఆనించి చూడమనండి. రెండు మూడు వోల్టులకు మించి చూపిస్తే, ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసేవరకు ఎవరూ వేదిక ఎక్కకూడదు. గుయ్యిమనే మోత పోవడానికి ప్లగ్గులో మూడో పిన్నును పీకేసే అలవాటు కొందరికి ఉంది. అలాంటి ప్లగ్గు కనిపిస్తే దాన్ని వెంటనే పక్కన పెట్టించాలి.

చెవుల మాట కూడా చెప్పాలి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని చెవి రోజుకు ఎనిమిది గంటలు ఓర్చుకోగలదని లెక్క, 100 డెసిబెల్స్ దగ్గర ఆ గడువు పావుగంటకు పడిపోతుంది. సాధన గదిలో డ్రమ్స్ పక్కన నిలబడినవాడికి ఆ పావుగంట రెండు మూడు పాటల్లోనే అయిపోతుంది. సంగీతకారుల కోసం అమ్మే ఇయర్‌ప్లగ్‌లు పాటను చెడగొట్టకుండా శబ్దాన్ని తగ్గిస్తాయి. నలుగురికీ నాలుగు జతలు కొనిపెట్టి, కచేరీల్లోనే కాకుండా ఇప్పటి నుంచి జరిగే సాధనలో కూడా పెట్టుకోమని చెప్పండి.