పాఠకుల ప్రశ్నలు: ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యాక్టరీ దాటే ముందు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం 11 కేవీ (11,000 వోల్టులు), 100 కేవీఏ సామర్థ్యం గల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొనబోతోంది. జీడిమెట్లలోని తయారీదారు అన్ని పరీక్షలూ చేసి సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. మేము స్వయంగా వెళ్ళి చూడవలసిన అవసరం ఉందా? వెళితే ఏం చూడాలి?
– సంఘం కార్యదర్శి, నిజాంపేట

జవాబు: తప్పక వెళ్ళండి. సర్టిఫికెట్ అనే ఒక్క మాటతో రెండు వేరు వేరు పత్రాలను పిలుస్తుంటారు, ఆ తేడా తెలియక నష్టపోయిన సంఘాలు ఉన్నాయి. టైప్ టెస్ట్ నివేదిక అనేది అదే డిజైన్‌తో తయారైన ఒక నమూనా మీద ఎప్పుడో జరిగిన పరీక్షలకు సంబంధించినది. పిడుగుపాటు వంటి ఇంపల్స్ వోల్టేజిని తట్టుకోవడం, ఉష్ణోగ్రత పెరుగుదల, షార్ట్ సర్క్యూట్‌ను తట్టుకోవడం వంటివి అందులో ఉంటాయి. రొటీన్ టెస్ట్ నివేదిక మాత్రం మీ ఇంటి ముందుకు రాబోయే ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్‌కే చెందాలి. అందువల్ల టెస్ట్ బెంచి దగ్గరికి వెళ్ళగానే నేమ్‌ప్లేట్ మీది సీరియల్ నంబరును, ఐఎస్ఐ గుర్తును, నివేదికలో రాస్తున్న నంబరును సరిపోల్చుకోండి.

వైండింగ్ (తీగ చుట్ల) రెసిస్టెన్స్, వోల్టేజి నిష్పత్తి, వెక్టర్ గ్రూపు (రెండు వైపుల వైండింగ్‌లను కలిపిన తీరు) పరీక్షలు త్వరగానే ముగుస్తాయి. డెల్టా–స్టార్ కలయికలో 11,000 వోల్టులను తక్కువ వోల్టేజి వైపు ఒక్కో ఫేజు వోల్టేజి 250తో భాగిస్తే నిష్పత్తి 44 రావాలి. దాని నుంచి అర శాతానికి మించి తేడా ఉంటే చుట్ల లెక్కలోనో, ట్యాప్ కనెక్షన్‌లోనో తప్పు జరిగిందని అర్థం.

మీరు అక్కడ గడిపే సమయంలో ఎక్కువ భాగం లాస్ (వృథా అయ్యే విద్యుత్తు) పరీక్షలకు కేటాయించాలని నా సలహా. మొదట హెచ్‌వీ (ఎక్కువ వోల్టేజి) వైపు ఏమీ కలపకుండా వదిలి, ఎల్‌వీ (తక్కువ వోల్టేజి) వైపు 433 వోల్టులు ఇచ్చి వాట్‌మీటరు చూస్తారు. ఇది నో లోడ్ లాస్, అంటే కోర్ (లోపలి ఉక్కు రేకుల దిమ్మె) తినే కరెంటు, మీ అపార్ట్‌మెంట్ మొత్తం నిద్రపోతున్నప్పుడు కూడా ఆగని ఖర్చు. ఇది 50 వాట్లు ఎక్కువైతే ఏడాదికి 438 యూనిట్లు వృథా అవుతాయి. తర్వాత ఎల్‌వీ టెర్మినళ్ళను మందపాటి పట్టీతో కలిపేసి, హెచ్‌వీ వైపు వోల్టేజిని మెల్లగా పెంచుతారు. ఇంపీడెన్స్ (కరెంటుకు ట్రాన్స్‌ఫార్మర్ లోపలి అడ్డంకి) 4.5 శాతం ఉన్న 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో దాదాపు 495 వోల్టుల దగ్గరే హెచ్‌వీలో 5.25 ఆంపియర్లు, ఎల్‌వీలో 133 ఆంపియర్లు, అంటే పూర్తి లోడ్ కరెంటు ప్రవహిస్తుంది. అప్పుడు నమోదయ్యేది లోడ్ లాస్. అయితే వైండింగ్ ఆ సమయంలో ఏ 30 డిగ్రీల దగ్గరో ఉంటుంది కాబట్టి ఆ అంకెను 75 డిగ్రీలకు సరిచేయాలి. రాగి రెసిస్టెన్స్ ఈ రెండింటి మధ్య సుమారు 17 శాతం పెరుగుతుంది. మీకు చూపుతున్న అంకె సరిచేసినదా కాదా అని అడగడానికి సంకోచించవద్దు.

2014 నాటి ఐఎస్ 1180 (ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్ల భారతీయ ప్రమాణం) మొదటి భాగంలో 100 కేవీఏకు రెండో సామర్థ్య స్థాయిలో మొత్తం లాస్ పరిమితులు సగం లోడ్ మీద 475 వాట్లు, పూర్తి లోడ్ మీద 1,650 వాట్లు. సగం లోడ్ దగ్గర లోడ్ లాస్ నాలుగో వంతే ఉంటుంది. ఉదాహరణకు నో లోడ్ లాస్ 170, లోడ్ లాస్ 1,300 వాట్లు వచ్చాయనుకోండి. పూర్తి లోడ్ మొత్తం 1,470. పరిమితి లోపలే ఉంది. కానీ సగం లోడ్ మొత్తం 170కి 325 కలిపి 495 అవుతుంది, అంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ తప్పినట్లే. ఈ పరిమితుల మీద అదనంగా ఒక్క వాటుకు కూడా మినహాయింపు లేదు. పూర్తి లోడ్ అంకె ఒక్కటే చూసి సంతకం చేయకండి.

ప్రశ్న: హెచ్‌వీ వైండింగ్‌కు 28 కేవీ ఇచ్చి ఒక నిమిషం పరీక్షించిన తర్వాత కూడా మళ్ళీ రెట్టింపు వోల్టేజి పరీక్ష ఎందుకు? దాన్ని 50 హెర్ట్జ్‌తో కాకుండా 100 హెర్ట్జ్‌తో ఎందుకు చేస్తారు?
– పాలిటెక్నిక్ విద్యార్థిని, మౌలాలి

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా. మొదటి పరీక్షలో హెచ్‌వీ టెర్మినళ్ళన్నింటినీ ఒకటిగా కలిపి 28 కేవీ ఇస్తారు. ఎల్‌వీని, ట్యాంకును ఎర్త్ చేస్తారు. అప్పుడు హెచ్‌వీ వైండింగ్‌లోని మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు వరకూ అంతా ఒకే వోల్టేజి మీద ఉంటుంది. రెండు తొట్లలో నీటిమట్టం సమానంగా ఉంటే మధ్యనున్న గోడ బలమెంతో తెలియదు కదా, అలాగే చుట్టుకూ చుట్టుకూ మధ్యనున్న కాగితం మీద ఈ పరీక్షలో ఒత్తిడే పడదు. అక్కడ లోపం ఉంటే బయటపెట్టేది ఇండ్యూస్డ్ ఓవర్ వోల్టేజి పరీక్ష. ఎల్‌వీ వైపు 866 వోల్టులు ఇస్తే ప్రతి చుట్టులోనూ మామూలుకు రెట్టింపు వోల్టేజి పుడుతుంది.

ఇక ఫ్రీక్వెన్సీ సంగతి. పుట్టే వోల్టేజి, ఫ్రీక్వెన్సీని ఫ్లక్స్‌తో (కోర్‌లోని అయస్కాంత ప్రవాహంతో) గుణించిన విలువ మీద ఆధారపడుతుంది. 50 హెర్ట్జ్ దగ్గరే వోల్టేజిని రెట్టింపు చేస్తే ఫ్లక్స్ కూడా రెట్టింపు కావాలి. కానీ కోర్‌లోని సిలికాన్ స్టీలు సుమారు 2 టెస్లాల దగ్గరే సంతృప్తమైపోతుంది కనుక కరెంటు విపరీతంగా పెరిగి పరీక్ష సాగనే సాగదు. ఫ్రీక్వెన్సీని కూడా రెట్టింపు చేస్తే ఫ్లక్స్ ఉన్నచోటే ఉంటుంది. వ్యవధిని 120ని మామూలు ఫ్రీక్వెన్సీతో గుణించి, పరీక్ష ఫ్రీక్వెన్సీతో భాగించి లెక్కిస్తారు. 100 హెర్ట్జ్ అయితే 60 సెకన్లు, 200 అయితే 30 సెకన్లు. ఎంత పెంచినా 15 సెకన్లకు తగ్గకూడదు.

ప్రశ్న: మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటరు) రీడింగ్ బాగుంటే ఇన్సులేషన్ బాగున్నట్లేనా?
– ఎలక్ట్రీషియన్, కుషాయిగూడ

జవాబు: కాదు. మెగ్గర్ చెమ్మను, మురికిని పట్టిస్తుంది. చుట్ల మధ్య బలహీనతను పట్టించదు. ఆయిల్‌ను విడిగా, 2.5 మిల్లీమీటర్ల ఖాళీ మధ్య, బ్రేక్‌డౌన్ వోల్టేజికి పరీక్షించాలి.

ప్రశ్న: నల్గొండ జిల్లాలోని మా ఊరి పొలాల దగ్గర బిగించిన కొత్త ట్రాన్స్‌ఫార్మర్ యాసంగిలో మూడు నెలలకే కాలిపోయింది. ఫ్యాక్టరీలో పరీక్షలు సరిగా చేయలేదని అనుకోవాలా?
– ఎల్బీనగర్ పాఠకుడు

జవాబు: నీళ్ళు అందక పైరు ఎండుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత బాధో నాకు తెలుసు. అయినా తప్పు ఫ్యాక్టరీదేనని వెంటనే అనలేము. కరెంటు తిరిగి రాగానే ఆటో స్టార్టర్లున్న బోరు మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఫ్యూజు తీగ ఉండవలసిన చోట మందపాటి అల్యూమినియం తీగ చుట్టి ఉంటే, ఎల్‌వీ లైన్లు ఒకదానికొకటి తగిలినప్పుడు ఆపేవాడే ఉండడు. 4.5 శాతం ఇంపీడెన్స్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినళ్ళ దగ్గర షార్ట్ అయితే పూర్తి లోడ్‌కు 22 రెట్ల కరెంటు ప్రవహిస్తుంది. వైండింగ్‌ను నెట్టే బలం కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి దాదాపు 490 రెట్లవుతుంది. షార్ట్ సర్క్యూట్‌ను తట్టుకునే పరీక్షను కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థకు బెంగళూరు, భోపాల్‌లలో ఉన్న ప్రయోగశాలల వంటి చోట్ల నమూనా మీదే చేస్తారు. మీ ఊరికి వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్‌లో కాయిళ్ళు గట్టిగా బిగించారా లేదా అన్నది రొటీన్ పరీక్షల అంకెల్లో కనిపించదు. అది తెలియాలంటే ట్యాంకులోకి దించకముందే కోర్, కాయిల్ అసెంబ్లీని కళ్ళారా చూడాలి. పెద్ద మొత్తంలో కొనేవారు ఈ దశలో తనిఖీని ఒప్పందంలో రాయించుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

మరమ్మతు షెడ్డులో మీ ట్రాన్స్‌ఫార్మర్‌ను విప్పేటప్పుడు ఊరి నుంచి ఎవరైనా దగ్గరుండండి. మూడు ఫేజుల కాయిళ్ళూ పక్కకు జరిగి వంకరపోయి ఉంటే బయటి షార్ట్ సర్క్యూట్‌ను, కాగితమంతా ఒకే తీరున నల్లబడి పెళుసెక్కి ఉంటే ఓవర్‌లోడ్‌ను, మిగతాదంతా శుభ్రంగా ఉండి ఒక్క కాయిల్‌లో ఒక్క చోటే కాలిన మచ్చ ఉంటే తయారీ లోపాన్ని ముందుగా అనుమానించాలి. విప్పకముందే బ్రీదర్‌లోని (ట్యాంకులోకి వెళ్ళే గాలిలో చెమ్మను పట్టే డబ్బాలోని) సిలికా జెల్ నీలంగా ఉందా, చెమ్మ పీల్చి గులాబీ రంగుకు తిరిగిందా అన్నది కూడా ఫోటో తీసి పెట్టుకోండి. వారంటీ కోసం రాసే దరఖాస్తుకు ఈ ఫోటోలనూ, సీరియల్ నంబరు ఉన్న రొటీన్ టెస్ట్ నివేదిక నకలునూ జతచేయండి.