సమాధానం: 2 సమూయేలు ప్రసంగాలకు ఏ వ్యాఖ్యానం?

పాస్టర్ గారూ, వందనాలు. బెంగళూరులో మీ తెలుగు సంఘానికి బైబిల్లోని 2 సమూయేలు గ్రంథం చెబుతుంటే ప్రసంగం పదాల వివరణ అయిపోతోందన్నారు. వచనం వెంట వచనం నడిచే వ్యాఖ్యానంతో వచ్చే చిక్కే ఇది. పదం తేలుతుంది, కథ ఎటు పోతోందో తేలదు.

ఏ వ్యాఖ్యానమైనా కొనేముందు అందులో 2 సమూయేలు 11వ అధ్యాయం గురించి రాసిన చోటు తెరవండి. ఆ అధ్యాయంలో 'పంపెను' అన్న మాట పదేపదే వస్తుంది. దావీదు రాజు తన సేనాధిపతి యోవాబును పంపుతాడు, బత్షెబ కోసం మనుషుల్ని పంపుతాడు, ఆమె భర్త ఊరియా చావు రాసిన ఉత్తరం ఊరియా చేతనే పంపుతాడు. 12:1లో మాత్రం పంపేది యెహోవా, నాతాను ప్రవక్తను! ఇది గమనించని వ్యాఖ్యానం మీకొద్దు. 11, 12 అధ్యాయాలను విడదీసేదీ వద్దు. నాతాను రాకముందే ఆపితే మిగిలేది 'దావీదులా చేయకండి' అనే నీతిబోధే.

ఇంగ్లీషు పర్వాలేదంటే బైబిల్ వ్యాఖ్యాత డేల్ రాల్ఫ్ డేవిస్ పుస్తకంతో మొదలుపెట్టండి. యెహోషువ, న్యాయాధిపతులు, సమూయేలు, రాజులు అన్నిటిపైనా రాశారు, కథనాన్ని ప్రసంగికుడిగా చదువుతారు. హెబ్రీ వ్యాకరణం లోతుగా కావాలంటే మాత్రం ఇంకొకటి పక్కన ఉండాలి.

ఏది కొన్నా, ముందు తెలుగు బైబిల్లో ఆ భాగాన్ని మూడుసార్లు బిగ్గరగా చదివి, చోటు మారిన ప్రతిచోటా గీత పెట్టుకోండి. వ్యాఖ్యానం ఆ తర్వాతే తెరవండి.