చిన్న పడవలో దీవికి వెళ్లే ముందు

హిమాయత్‌నగర్,
హైదరాబాద్.

చి॥ల॥సౌ॥ అమ్మాయికి, చిరంజీవి అల్లుడుగారికి మీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

డిసెంబరులో మీరిద్దరూ అండమాన్‌కు వెళుతున్నారనీ, అందులో ఒక రోజు జాలీ బాయ్ దీవికి కేటాయించారనీ తెలిసి మీ పెద్దమ్మా నేనూ ఎంతో సంతోషించాం. మేము ఆ దీవికి రెండుసార్లు వెళ్లివచ్చినవాళ్లం కాబట్టి కొన్ని మాటలు చెప్పాలనిపించింది. అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెబుతున్నాను. తిరిగి బయలుదేరేది ఎన్ని గంటలకో దీవిలో కాలు పెట్టకముందే పడవ నడిపే సరంగును అడిగి తెలుసుకోండి. ఆయన చెప్పిన వేళకు పావుగంట ముందే ఒడ్డుకు వచ్చి నిలబడండి.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఈ పని చేయలేదు. ఇంకొక్కసారి నీళ్లలో దిగి వద్దామని మీ పెద్దమ్మను బలవంతపెట్టి అరగంట ఆలస్యం చేశాను. ఆ దీవిలో జెట్టీ లేదు; పెద్ద పడవ దూరంగా ఆగితే, అడుగున అద్దం బిగించిన చిన్న పడవ మనల్ని ఒడ్డుకు చేరుస్తుంది. మేము ఆలస్యం చేసేసరికి నీరు తీసేసింది, చిన్న పడవ ఒడ్డుదాకా రాలేకపోయింది. మోకాటి లోతు నీళ్లలో నడిచి వెళుతుంటే పగడపు రాతి అంచు మీ పెద్దమ్మ అరికాలిని గీరింది. చూడటానికి అది బెత్తెడు గీత మాత్రమే, కానీ సన్నని పలుకులు లోపల ఉండిపోవడంతో హైదరాబాద్ వచ్చాక కూడా పది రోజులు మానలేదు. ఆ నొప్పికి కారణం నేను చేసిన ఆలస్యమే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే రబ్బరు అడుగున్న, మడమను పట్టి ఉంచే చెప్పులు ఇద్దరూ తప్పక తీసుకెళ్లండి. ఒకవేళ గీరుకుంటే మంచినీళ్లతో బాగా కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించండి.

సముద్రపు నీరు బాగా పైకి లేచే పోటుకూ, వెనక్కి తీసే పాటుకూ మధ్య ఇంచుమించు ఆరు గంటలు పడుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు మామూలు కంటే ఎక్కువ ఎత్తుకు లేచి, అంతే ఎక్కువగా వెనక్కి పోతుంది కాబట్టి, రోజును ఖాయం చేసుకునే ముందు గోడ మీది క్యాలెండరులో తిథి చూడండి. ఇంకొకటి, అక్కడా మనకూ గడియారం ఒక్కటే అయినా, ఆ దీవులు మనకు బాగా తూర్పున ఉండటం వల్ల పొద్దు మనకంటే దాదాపు గంట ముందు వాలుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే సూర్యుడు అస్తమిస్తాడు. ఇక్కడి లెక్కతో ఇంకా చాలా పొద్దుందిలే అనుకోకండి.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం వద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగినప్పుడు మన తెలంగాణ కుటుంబాలు ఎన్ని ఏడ్చాయో మనం చూశాం. జాకెట్ వేసుకోగానే పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి; గడ్డం దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే. ఉక్కపోస్తోందని మధ్యలో విప్పవద్దు. వీలైతే ఈ ఆదివారం లుంబినీ పార్కు నుంచి హుస్సేన్‌సాగర్ బుద్ధుడి దగ్గరకు పడవలో వెళ్లి, ఇది ఒకసారి అలవాటు చేసుకోండి. చిన్న పడవలోకి ఎక్కేటప్పుడు అంచు మీద కాలు వేయకుండా నడిమధ్యన వేసి, వెంటనే కూర్చోవాలి. ఫొటో కోసం ఇద్దరూ ఒకే పక్కకు లేవకూడదు.

అమ్మాయికి బస్సులోనే కడుపులో తిప్పుతుంది కాబట్టి ఖాళీ కడుపుతో పడవ ఎక్కనివ్వవద్దు. రెండు ఇడ్లీలు తిని, అల్లం మురబ్బా ముక్క దగ్గర ఉంచుకుని, పడవ వెనుక భాగంలో నడుమ కూర్చుని దూరాన నీరూ ఆకాశమూ కలిసే చోటును చూస్తూ ఉంటే చాలావరకు తగ్గుతుంది. మాత్ర వేసుకోవాలంటే డాక్టరును అడిగి, బయలుదేరడానికి గంట ముందే వేసుకోవాలి.

దీవిలో దుకాణం ఉండదు, ప్లాస్టిక్‌ను అనుమతించరు. బేగంబజార్‌లో మంచి స్టీలు సీసాలు రెండు, మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి కొనుక్కోండి. పెరుగన్నం ఎండకు పులుస్తుంది, పులిహోర అయితే నిలుస్తుంది. అటవీశాఖ అనుమతి ముందు రోజే తీసుకుని ఉంచండి. ఉంగరాలు గదిలోనే దాచండి. నీళ్లలో వేళ్లు చల్లబడి సన్నబడితే జారిపోతాయి. చీర తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది కాబట్టి చుడీదారే మేలు.

1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనంలో ఉంది ఆ దీవి. పగడం రాయిలా కనిపించినా ప్రాణమున్నది. దాని మీద నిలబడకండి, చచ్చిన ముక్క అయినా ఏరుకుని తేకండి, అది చట్టరీత్యా నేరం. పడవ బయలుదేరే వండూర్‌లో మొసళ్ల హెచ్చరిక బోర్డులు ఉంటాయి, అక్కడి బీచిలో వల కట్టిన చోటు దాటి దిగవద్దు.

సాయంత్రం వండూర్ జెట్టీలో దిగి సిగ్నల్ రాగానే పెద్దమ్మకు ఒక్క ఫోన్ చేయండి. ఆ రోజు ఆమె ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంటుంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న