బస్తీలో ఆదివారం బడి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

హైదరాబాద్ బాలాపూర్ పరిసరాల్లోని రోహింగ్యా బస్తీలలో పిల్లలకు చదువు చెబుతున్న యువకుల గురించి ఈ నెల నాలుగు ఉత్తరాలు వచ్చాయి. మయన్మార్‌లోని రఖైన్ ప్రాంతంలో 2012లో చెలరేగిన హింస తరువాత, 2017లో సైన్యం సాగించిన దాడుల తరువాత ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన కుటుంబాలు వేల సంఖ్యలో నగర శివార్లలో ఉంటున్నాయి. నాలుగు ఉత్తరాలూ ఒకే విషయం మీద వచ్చినందున ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము డిగ్రీ, ఇంజినీరింగ్ చదువుతున్న పద్నాలుగు మందిమి. కిందటి జూన్‌లో బస్తీలో ఒక రేకుల షెడ్డు అద్దె లేకుండా దొరికితే ఆదివారాలు ఇంగ్లీషు, లెక్కలు చెప్పడం మొదలుపెట్టాము. మొదట్లో నలభై మంది పిల్లలు వచ్చేవారు. దసరా నాటికి మాలో ఐదుగురమే మిగిలాము, పిల్లలు పదిహేను మందికి తగ్గారు. వచ్చినవాళ్లు కూడా నేర్చుకున్నది మరుసటి వారానికి మరచిపోతున్నారు. కొత్త వలంటీర్ల కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన ఇవ్వాలనుకుంటున్నాము. ఇది సరైన దారేనా?
– ఒక విద్యార్థిని, మీర్‌పేట

జవాబు: ప్రకటన ఇప్పట్లో వద్దు. ఐదుగురు వలంటీర్లు, పదిహేను మంది పిల్లలు అంటే ఒక్కొక్కరికి ముగ్గురు. బళ్లో పాతికేళ్లు పనిచేసిన నాకు ఏనాడూ దొరకని అదృష్టం అది. మీరు దానిని పతనంగా లెక్కవేస్తున్నారు గాని, అసలు పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ముగ్గురు పిల్లలను ఒక వలంటీరుకు అప్పగించి, ఆ ముగ్గురికీ సెమిస్టర్ పూర్తయ్యేదాకా ఆ మనిషే చెప్పాలని నియమం పెట్టుకోండి. వారానికొక కొత్త ముఖం వచ్చి మళ్లీ ‘నీ పేరేమిటి’ దగ్గరే మొదలుపెడితే ఏ పిల్లవాడికైనా విసుగు పుడుతుంది. ఇంతకు ముందు ఒక ఊరు, ఒక ఇల్లు, కొందరు మనుషులు ఉన్నట్టుండి మాయమైపోవడం చూసిన పిల్లలకైతే అది విసుగుతో ఆగదు.

పాతబస్తీలో నేను రాత్రి బడి నడిపిన రోజుల్లో ఈ తప్పు నేనే చేశాను. శిక్షణ తరగతులకని రెండు వారాలు ఊరు వెళ్తూ, ‘వచ్చేస్తాగా’ అన్న ధీమాతో పిల్లలకు ఒక్క మాట చెప్పలేదు. తిరిగి వచ్చాక పక్కింటావిడ చెప్పింది: ఇద్దరు పిల్లలు రోజూ సాయంత్రం వచ్చి, తాళం చూసి, గడప మీద కాసేపు కూర్చుని వెళ్లిపోయేవారట. ఆ ఇద్దరూ మళ్లీ రాలేదు. కాబట్టి మీ పరీక్షలు ఎప్పుడో, ఏయే ఆదివారాలు బడి ఉండదో ముందే కాగితం మీద రాసి షెడ్డు తలుపుకు అంటించండి, తల్లులకు నోటితోనూ చెప్పండి. ఒక వలంటీరు మానుకోవలసి వస్తే కనీసం రెండు వారాలు కొత్తవారిని పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లలకు పరిచయం చేసి, ఎవరు ఏ పాఠం దగ్గర ఉన్నారో రాసిన నోటుపుస్తకం అప్పగించి మరీ వెళ్లాలి.

ఇక మరపు సంగతి. వారానికి ఒకసారి మూడు గంటలు కూర్చోబెట్టడం కంటే మూడు సాయంత్రాలు ముప్పావు గంట చొప్పున చెప్పడం మేలు. మీ కాలేజీలు దూరమని తెలుసు. అందుకే బస్తీలోనే ఎనిమిదో తొమ్మిదో తరగతి దాకా చదివిన అమ్మాయినో అబ్బాయినో వెతికి, వారాంతంలో మీరు చెప్పిన పాఠాన్ని మిగతా రోజుల్లో చదివించే పని అప్పగించండి. నెలకు ఎంతో కొంత చేతిలో పెట్టండి, ఊరికే చేయించుకోవద్దు. తమిళనాడులోని శ్రీలంక తమిళ శరణార్థుల కోసం 1984లో మొదలైన ‘ఆఫర్’ అనే సంస్థను నడిపినవారు ఆ శరణార్థులే. బయటివారు వెళ్లిపోయినా పని ఆగకుండా ఉండాలంటే అదొక్కటే మార్గమని నా నమ్మకం.

మీరు ఏ భాషలో చెబుతున్నారో ఉత్తరంలో రాయలేదు. రోహింగ్యా భాష చిట్టగాంగ్ వైపు మాట్లాడే భాషకు బాగా దగ్గరిది. దానికి హనీఫీ అనే లిపి ఉన్నా, కంప్యూటర్లు, ఫోన్లలో అక్షరాలకు ఆధారమైన యూనికోడ్‌లో 2018లో చేరినా, ఇక్కడి పిల్లలు ఎక్కువగా వీధిలో పట్టుబడిన దక్కనీ ఉర్దూతోనే నెట్టుకొస్తుంటారు. ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి, మదరసాలో అరబ్బీ అక్షరాలు, మీ దగ్గరికి వస్తే ఏబీసీడీలు, రేపు బడికి వెళితే తెలుగు. ఐదు భాషల మధ్య నలిగే పిల్లవాడిని మందబుద్ధి అనుకోవడం చాలా తేలిక. అర్థం వాడికి తెలిసిన మాటలో చెప్పి, అక్షరం కొత్త భాషలో నేర్పండి. మీలో దక్కనీ రానివారు పిల్లల దగ్గరే నేర్చుకోండి. టీచరు తప్పు మాట్లాడుతుంటే దిద్దే అవకాశం దొరికిన పిల్లలు బడి మానరు.

లెక్కల విషయంలో ఒక అనుభవం చెబుతాను. కిందటేడు అలాంటి బస్తీ బడికి వెళ్లినప్పుడు పదకొండేళ్ల పిల్లవాడొకడు పలక మీద పదిహేనును మూడుతో గుణించలేక బలపం కొరుకుతూ కూర్చున్నాడు. వాడు తండ్రితో తుక్కు దుకాణానికి వెళ్తాడని తెలిసి, ప్లాస్టిక్ సీసాలు కిలో పదిహేను రూపాయలైతే మూడున్నర కిలోలకు ఎంతని అడిగాను. తల ఎత్తకుండానే, ‘యాభై రెండున్నర, కానీ వాడు యాభయ్యే ఇస్తాడు’ అన్నాడు. ఆ తరువాత అరగంట సేపు మేము ఆ లెక్కనే పలక మీదకు దించాము, తూకంలో పోయిన రెండున్నర రూపాయలతో సహా. మీరు కూడా వర్క్‌షీట్లు అచ్చు వేయించే ముందు పిల్లలు బడి లేని రోజుల్లో ఏ పనులకు వెళుతున్నారో కనుక్కోండి.

ఒక్క మాట ముందే తేల్చుకోండి. మీది బడికి బదులుగా పెట్టిన బడి కాదు, పిల్లలను ప్రభుత్వ బడిలో చేర్చి అక్కడ నిలబెట్టే మెట్టు మాత్రమే. ఏడాది చివర ఎంతమంది షెడ్డుకు వచ్చారని కాక, ఎంతమంది బడిలో చేరి మానకుండా ఉన్నారని లెక్క చూసుకోండి.

ప్రశ్న: మా బృందం తరఫున తొమ్మిదేళ్ల పాపను దగ్గరలోని ప్రభుత్వ పాఠశాలకు తీసుకువెళితే ఆధార్ కార్డు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేవని తిప్పి పంపారు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు చూపినా ఒప్పుకోలేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, సైదాబాద్

జవాబు: శరణార్థుల హోదాకు సంబంధించిన 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. అందువల్ల ఆ కార్డుకు మన కార్యాలయాల్లో మీరు ఆశించినంత విలువ ఉండదు. మీ బలం వేరే చోట ఉంది. రాజ్యాంగంలోని 21ఎ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ల ‘పిల్లలందరికీ’ అంటుందే తప్ప పౌరుల పిల్లలకు అని అనదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదు. అదే చట్టం 4వ సెక్షన్ ప్రకారం పాపను ఒకటో తరగతిలో కాక వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడిన మేరకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇక ఆధార్ అంటారా, బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది.

చట్టం ఇలా ఉందని చెప్పి ప్రధానోపాధ్యాయుడితో వాదనకు దిగకండి. ఆయన అవతల కంప్యూటర్‌లో ఆధార్ గడి ఖాళీగా ఉంటే పైనుంచి ఫోను వస్తుందని భయపడుతుంటాడు. ఆ కుర్చీలో కూర్చున్న నాకు ఆ భయం తెలుసు. పాప తల్లి పేరుతో ఒక దరఖాస్తు, వయసు గురించి తల్లిదండ్రుల వాంగ్మూలం రాసి ఇచ్చి, రసీదు అడగండి. ఇవ్వకపోతే రిజిస్టర్డు పోస్టులో పంపండి. తరువాత మండల విద్యాధికారికి, ఆపైన జిల్లా విద్యాధికారికి అదే నకలుతో వెళ్లండి. కాగితం మీద ‘కాదు’ అని రాయడానికి చాలామంది అధికారులు వెనకాడతారు. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల విషయంలో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ముందు ప్రభుత్వ బడులనే అడగాలని, అర్హత ఉన్నా కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చని చెప్పింది. రేపు ఆ అవసరమే వస్తే చేతిలో ఉండవలసినవి ఈ దరఖాస్తులు, రసీదులే.

ఒక హెచ్చరిక. ‘ఆధార్ నేను చేయించి పెడతాను’ అనే దళారి ఎవరో ఒకరు తప్పక తగులుతాడు. ఆ ఛాయలకు మీరు పోవద్దు, పాప తండ్రినీ పోనివ్వవద్దు. తప్పుడు పత్రాలతో కార్డు తీసుకున్నారన్న కేసు పడితే చదువు సంగతి అటుంచి ఆ కుటుంబమే చెల్లాచెదురవుతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అన్నయ్య, ఆయన స్నేహితులు మా బృందానికి డబ్బు పంపుతామంటున్నారు. కొందరికి అమెరికా పౌరసత్వం ఉంది. తీసుకోవచ్చా? సంఘం రిజిస్టరు చేయించాలా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: భారత పౌరసత్వం వదులుకోని అన్నయ్య తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరులైనవారు పంపితే మాత్రం, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. దాని కింద కేంద్రం దగ్గర రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని లేకుండా ఆ డబ్బు ముట్టకూడదు. వచ్చిన డబ్బు ఎవరో ఒకరి సొంత ఖాతాలో వేసుకోవడం స్నేహాలను కూడా చెడగొడుతుంది. ఏడుగురు కలిస్తే 2001 నాటి సొసైటీల చట్టం కింద సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. అయితే నన్నడిగితే పదిహేను మంది పిల్లల బడికి నోటుపుస్తకాలు, ఒక ఫ్యాను, బస్తీ అమ్మాయికి నెలజీతం తప్ప పెద్ద ఖర్చేముంటుంది? తలా కొంత వేసుకుని ఏడాది నడిపి చూడండి. డాలస్ స్నేహితులకు అంతగా మనసుంటే ఆరో తరగతి అమ్మాయితో వారానికి ఒక రోజు వీడియో కాల్‌లో ఇంగ్లీషు మాట్లాడమనండి. అప్పుడు మీ వలంటీరు పక్కన ఉండి తీరాలి. పిల్లల ఫొటోలు, ఇంటి గుర్తులు మాత్రం ఎవరికీ పంపవద్దు, మీ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టవద్దు. ఆ ముఖాలు ఎవరి కంటపడితే ఆ ఇంటికి ఏమవుతుందో మనకు తెలియదు.

ప్రశ్న: మా అమ్మాయి ఆ బస్తీకి వెళ్లి పదమూడేళ్ల పిల్లకు పాఠాలు చెబుతోంది. ‘విదేశీయుల దగ్గరికి మీ పిల్లను పంపుతారా’ అని చుట్టుపక్కలవారు అంటున్నారు. పైగా ఆ పిల్ల తల్లి ఇక పంపనంటోందట. మా అమ్మాయిని మానిపించాలా?
– ఒక తల్లి, ఎల్బీ నగర్

జవాబు: పిల్లలకు చదువు చెప్పడం నేరం కాదు. మా అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లా. 1942లో జపాన్ సైన్యం బర్మాలో, అంటే నేటి మయన్మార్‌లో, అడుగుపెట్టినప్పుడు రంగం (రంగూన్) నుంచి కాలినడకన బయలుదేరినవారిలో ఆవిడా ఒకరు. తరువాత 1960లలో బర్మా నుంచి వచ్చిన మనవాళ్లు తలదాచుకున్న చోటుకు విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ ఉంది. వాళ్లు సొంత దేశానికి తిరిగి వచ్చినవారు, వీళ్లు అక్కడి 1982 పౌరసత్వ చట్టంతో సొంత దేశానికే కానివారైపోయినవారు. ఆ తేడా నాకు తెలుసు. మీ ఇరుగుపొరుగుకు చెప్పడానికి పనికొస్తుందని మాత్రమే రాశాను.

మీ అమ్మాయి భద్రతకు రెండు నియమాలు చాలు: ఇద్దరు కలిసే వెళ్లాలి, చీకటి పడకముందే బయలుదేరాలి. పిల్లల భద్రతకూ ఒక నియమం ఉంది. ఏ వలంటీరూ ఒక పిల్లతోగాని పిల్లవాడితోగాని మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. పిల్లల్లో ఎవరిపైనైనా లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, అలాంటి నేరాల కోసమే వచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం ప్రతి ఒక్కరి బాధ్యత, దాచడం నేరం. పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు షెడ్డు గోడ మీద రాయించమనండి.

ఆ తల్లి ఎందుకు పంపనంటోందో మీ అమ్మాయి వెళ్లి కూర్చుని అడగాలి, మగపిల్లలను పంపవద్దు. పదమూడేళ్ల పిల్ల ఇంట్లో ఉంటే తల్లి కూలికి వెళ్లగలుగుతుంది. చాలా ఇళ్లలో కారణం అదే, పెళ్లి మాట ఆ తరువాత వస్తుంది. వీలైతే మీరూ ఒకసారి తోడు వెళ్లండి. కాలేజీ పిల్ల చెప్పే దానికంటే సాటి తల్లి మాటను ఆవిడ ఎక్కువ నమ్ముతుంది. పాఠం వేళను తల్లి పని నుంచి తిరిగి వచ్చే సమయానికి మార్చమనండి. అప్పటికీ కుదరకపోతే, ఆ పిల్ల తమ్ముడిని చంకనెత్తుకునే వచ్చినా రానివ్వండి. వాడికో పలక, ఓ బలపం ముక్క ఇచ్చి పక్కన కూర్చోబెడితే సరిపోతుంది.