ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను అదుపు చేయడానికి మ్యాపు ఎంతవరకు ఉపయోగపడుతుంది? యనమదుర్రు పక్కన మా అనుభవం

శీలావతి, బొచ్చె పిల్ల వదిలిన చెరువుల్లోకి ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ చొరబడి పిల్లను మింగేస్తోందని, న్యూజిలాండ్‌లో ఉచ్చులను మ్యాపుపై గుర్తించి ఇలాంటి పరాయి వేటజీవులను అదుపు చేస్తున్నారని చదివానని, ఆ పద్ధతి గోదావరి డెల్టాలో పనికివస్తుందా అని మీరు అడిగారు. పనికివస్తుంది. అయితే అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుకుంటే మాకు వృథా అయినట్లే మీకూ ఒక ఏడాది వృథా అవుతుంది. భీమవరం దిగువన యనమదుర్రు డ్రెయిన్ పక్కన చెరువులున్న ఆరుగురు రైతులం మూడేళ్లుగా ఈ పని చేస్తున్నాము.

న్యూజిలాండ్ ప్రభుత్వం ఎలుకలను, పోసమ్ అనే చెట్లెక్కే జంతువులను, ముంగిసను పోలిన స్టోట్ వంటి జంతువులను 2050 నాటికి నిర్మూలించాలని 2016లో లక్ష్యం ప్రకటించింది. స్టోట్‌లను అక్కడికి తెచ్చి వదిలింది మనుషులే, అదీ కుందేళ్ల బెడద తగ్గిస్తాయన్న ఆశతో. త్వరగా పెరుగుతుందన్న ఆశతో మనవాళ్లు ఈ చేపను తెచ్చుకున్నట్లే. అక్కడి ఊళ్లవాళ్లు ట్రాప్ ఎన్‌జడ్ అనే యాప్‌లో ప్రతి ఉచ్చు స్థానాన్ని, అందులో పడినదాన్ని నమోదు చేస్తారు. ఒక్కో జంతువు ఎంత మేర తిరుగుతుందో చూసి, దాన్ని బట్టి ఉచ్చుల మధ్య దూరం నిర్ణయిస్తారు. నేల మీద తిరిగే జంతువుకు ఆ లెక్క సరిపోతుంది. మన చేపకు సరిపోదు. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు చెరువుల్లో ఒకదానికి కాలువ నుంచి, మరొకదానికి మురుగు డ్రెయిన్ నుంచి నీరు పెడుతుంటే, మ్యాపులో అవి ఎంత దగ్గరగా కనిపించినా ఈ చేప విషయంలో దూరపు చుట్టాలే. కిలోమీటరు అవతల ఉన్నా అదే డ్రెయిన్‌కు తూము ఉన్న చెరువు మాత్రం దానికి పక్కిల్లు. గాలి పీల్చుకోగలదు కనుక వానరాత్రి తడి నేల మీద కొంతదూరం పాకగలదన్నది నిజమే గానీ, మా చెరువుల్లోకి వచ్చినవాటిలో ఎక్కువ భాగం తూముల గుండానే వచ్చాయని ఇప్పుడు మా నమ్మకం.

మొదటి ఏడాది మేము చేసిన పొరపాటు చెబుతాను. చేప పడిన ప్రతిచోటా ఫోనులో ఒక ఎర్ర చుక్క పెట్టుకుంటూ పోయాము. సీజను చివర చూస్తే చుక్కలన్నీ ఒకే రైతు చెరువు చుట్టూ గుమిగూడి ఉన్నాయి. ఆయనే దొంగతనంగా క్యాట్‌ఫిష్ పెంచుతున్నాడని మాలో ఇద్దరు అనుమానించారు, రెండు నెలలు ఆయనతో మాటలు కూడా లేవు. అసలు సంగతి ఏమిటంటే, ఆయన చెరువు కాపలాదారు రోజూ మావులు (చేపలు దూరి చిక్కుకునే బుట్టల్లాంటి ఉచ్చులు) వేసి రోజూ తీసి చూసేవాడు, మిగతావాళ్లము గుర్తొచ్చినప్పుడు వేసేవాళ్లము. ఆ మ్యాపు చూపించింది చేపలు ఎక్కడున్నాయో కాదు, మేము ఎక్కడ వెతికామో. రెండో ఏడాది నుంచి ఎన్ని మావులు, ఎన్ని రాత్రులు వేశామో, ఏమీ పడకపోతే సున్నా అని కూడా రాయడం మొదలుపెట్టాము. సున్నా రాయడానికి ఎవరికీ చేయి రాదు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. పడిన చేపల సంఖ్యను మావు-రాత్రుల సంఖ్యతో (మావులను రాత్రులతో హెచ్చిస్తే వచ్చేది) భాగించి మళ్లీ మ్యాపు వేస్తే ఆ రైతు చెరువు మామూలు రంగులోకి వచ్చింది. ముదురు రంగు పొలాల బోదెలు డ్రెయిన్‌లో కలిసే రెండు మూలల దగ్గర తేలింది.

ఫోను జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. మన గట్ల వెడల్పుకు ఆ తేడా చాలా ఎక్కువ, గట్టు మీద నిలబడి పెట్టిన గుర్తు పక్కవాడి చెరువులో పడుతుంది. అందువల్ల గుర్తుతోపాటు సర్వే నంబరు, ఏ తూము అన్నది కూడా రాసుకోండి. గ్రామ నక్షాను స్కాన్ చేసి, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో కింద పరచుకుని, దాని మీద కాలువలు, బోదెలు, డ్రెయిన్లు, తూములు గీతలుగా గీయండి. నీరు ఎటు నుంచి ఎటు పోతుందో బాణాలు వేయడానికి మాకు ఆరు ఆదివారాలు పట్టింది, మొత్తం పనిలో అన్నిటికంటే అక్కరకు వచ్చినది అదే. ఎర్రకాలువకు వరద వచ్చి యనమదుర్రు పొంగినప్పుడు మాత్రం ఆ బాణాలు తారుమారవుతాయి. అప్పుడు ఏయే గట్లు మునిగాయో తెలుసుకోవడానికి మబ్బులున్నా భూమిని చూడగలిగే సెంటినెల్-1 ఉపగ్రహపు రాడార్ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, గుర్రపుడెక్క కప్పేసిన నీటిని మాత్రం అవి సరిగా పట్టుకోలేవు.

వేటకు అసలు అదను వేసవి. కాలువలకు నీళ్లు ఆపేశాక బోదెలు ఎండి, వంతెనల కింద, తూముల ముందు గుంటల్లోనే నీరు మిగులుతుంది, చేపలన్నీ అక్కడికే చేరతాయి. గత వేసవిలో మ్యాపు చూసి పదకొండు గుంటలు ఎంచుకుని, చేప పేగులు ఎరగా పెట్టి మావులు వేశాము. ఏడాది పొడవునా చెరువుల్లో పట్టినవాటికంటే ఆ నెలన్నరలో పట్టినవే ఎక్కువ. మావు పైభాగం నీటికి పైన ఉండాలి, లేకపోతే తాబేళ్లు ఊపిరాడక చస్తాయి. ఇదే జాతికి చెందిన మన నాటు చేప, మార్పు చేప, పడితే వెంటనే వదిలేయండి, అది ఇప్పటికే అరుదైపోయింది. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి కనుక, అనుమానం ఉంటే ఫొటో తీసి మీ ఊరి మత్స్య సహాయకుడికి చూపించాకే ఏదైనా చేయండి.

ఎగువన ఎవరో నిషేధాన్ని లెక్కచేయకుండా కోడి వ్యర్థాలు వేసి ఈ చేపను పెంచుతున్నంతకాలం ప్రతి వరదకూ కొత్తవి వస్తూనే ఉంటాయి, దానికి మన మావులు చాలవు. మేము రెండేళ్ల మ్యాపులను పక్కపక్కన ముద్రించి, డ్రెయిన్ వెంట పైకి పోయేకొద్దీ రంగు ఎలా ముదురుతోందో చూపిస్తూ మత్స్యశాఖవారికి ఇచ్చాము. అంతకుముందు నోటిమాటగా చేసిన ఫిర్యాదులకు ఎవరూ రాలేదు, ఈసారి మాత్రం ఒక అధికారి వచ్చి మాతో కలిసి డ్రెయిన్ గట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడిచారు. ఆ తనిఖీ ఇంకా పూర్తి కాలేదు. మీ చెరువుకు నీరు డ్రెయిన్ నుంచి పెడుతున్నారా, కాలువ నుంచా అన్నది రాయండి. మొదటి మావులు ఎక్కడ వేయాలో దాన్ని బట్టి చెప్పగలను.