సోలింగెన్ కత్తి, వేణ్ణీళ్ళ ఖర్చు

జర్మనీలోని ఆఖెన్‌లో ఎమ్మెస్ చదువుతున్న ఒక అబ్బాయి, కార్ట్రిడ్జ్ బ్లేడ్ల ధర భరించలేక మంగలి కత్తికి మారాలనుకుంటున్నానని, ఎలాంటి కత్తి కొనాలో, గీసుకునే ముందు ముఖాన్ని ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పమని అడిగారు. ఆయన ప్రశ్నలో కత్తి గురించి పది వాక్యాలున్నాయి, ముఖం గురించి ఒక్కటే ఉంది. వచ్చిన కొత్తలో నేను అడిగివుంటే నా ప్రశ్న కూడా అలాగే ఉండేది గనుక తప్పు పట్టను.

కంప్యూటర్ నిపుణుల కోసం జర్మనీ ప్రభుత్వం 2000లో మొదలుపెట్టిన గ్రీన్‌కార్డు పథకం కింద నేను మరుసటి ఏడాది అక్టోబరులో డ్యూసెల్‌డార్ఫ్ వచ్చాను. అప్పటికింకా చేతికి యూరో నోట్లు రాలేదు. జర్మనీ పాత కరెన్సీ మార్కుకు ఇరవై రూపాయల పైచిలుకు పలికేది కాబట్టి, ఏ వస్తువు ముట్టుకున్నా మనసు దానంతటదే ఇరవైతో హెచ్చవేసుకునేది. నాలుగు బ్లేడ్ల ప్యాకెట్టు పది మార్కులకు పైన ఉండటం చూసి, ఆ డబ్బుతో తెనాలి దగ్గర మా ఊళ్ళో నెలంతా గడ్డం గీయించుకోవచ్చునని లెక్కగట్టి, ప్యాకెట్టును తిరిగి అరలో పెట్టేశాను. వారం తిరక్కుండానే అన్నిరకాల సరుకులూ అమ్మే ఒక చిన్న దుకాణంలో అద్దంలా మెరిసే మంగలి కత్తి ఒకటి పద్దెనిమిది మార్కులకు కనిపించింది. దానిమీద తుప్పు పట్టదని రాసి ఉంది గానీ, ఏ ఊళ్ళో చేశారో రాసి లేదు. జీవితాంతం పనికొచ్చే వస్తువు దొరికిందని సంబరపడి కొన్నాను.

పిసినారితనం అక్కడితో ఆగలేదు. మేము నలుగురం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఏడాది చివర ఇంటి యజమాని నీళ్ళకూ, హీటింగుకూ లెక్క తేల్చి వందల మార్కులు అదనంగా కట్టమంటాడని ఎవరో భయపెట్టడంతో, స్నానానికి తప్ప వేణ్ణీళ్ళ కుళాయి తిప్పకూడదని ఒప్పందం చేసుకున్నాం. అందువల్ల నేను స్నానానికి ముందే, డిసెంబరు చలిలో, చన్నీళ్ళతో ముఖం తడిపి, ఒంటి సబ్బును అరచేత్తో రుద్దుకుని, ఆ కత్తి పెట్టాను. అది వెంట్రుకను కోయలేదు, పట్టి లాగింది. నేను ఇంకొంచెం నొక్కేసరికి దవడ కింద రెండు చోట్ల తెగింది. ఆ రోజు కస్టమర్‌తో సమావేశం ఉందని వేసుకున్న కొత్త చొక్కా కాలరుకు నెత్తురంటి, ఎంత ఉతికినా పోలేదు. చొక్కా నలభై మార్కులు. వేణ్ణీళ్ళలో మిగిలింది పైసలు, చొక్కాలో పోయింది ఎనిమిది వందల రూపాయలు.

పదును తగ్గివుంటుందనుకుని, మరుసటి శనివారం రైలెక్కి, కత్తుల తయారీకి పేరుపడ్డ సోలింగెన్ వెళ్ళి, సాన పట్టే ఒక పెద్దాయనకు దాన్ని చూపించాను. ఆయన దీపానికి ఎదురుగా పట్టుకుని ఒక్క నిమిషం చూసి, ఈ ఇనుము పదును నిలుపుకోదని చెప్పి తిరిగి ఇచ్చేశారు. డబ్బు మాత్రం తీసుకోలేదు. ఈ దేశంలో ఒక పనికి నా దగ్గర డబ్బు తీసుకోని మనిషిని చూడటం అదే మొదలు.

కాబట్టి కత్తిమీద ఊరి పేరు చూడండి. ‘సోలింగెన్’ అన్న పేరుకు 1938 నుంచీ చట్టరక్షణ ఉంది. తయారీలో ముఖ్యమైన దశలన్నీ ఆ ప్రాంతంలో జరిగితేనే కత్తిమీద ఆ పేరు వేయాలి. ఫ్రాన్స్‌లోని టియేర్ ఊరి కత్తులూ మంచివే. అలుగు వెడల్పు 5/8 లేదా 6/8 అంగుళం, కొస గుండ్రం, ఉక్కు మామూలు కార్బన్ ఉక్కు అయితే చాలు. అది తుప్పు పడుతుంది, నిజమే. కానీ సానకు సులువుగా లొంగుతుంది. వాడిన ప్రతిసారీ తుడిచి, ఆరబెట్టి, మూసే ముందు ఒక చుక్క నూనె రాస్తే తుప్పు భయం ఉండదు. కొస చదరంగా ఉన్న కత్తి చూడటానికి గొప్పగా ఉంటుంది గానీ మొదటి నెలలోనే చెవి తమ్మెను పలకరిస్తుంది. పాత సామాను సంతల్లో సోలింగెన్ కత్తులు చవకగా దొరుకుతాయి. అయితే అంచుమీద తుప్పు గుంటలున్నా, అంచు మధ్యలో లోపలికి అరిగివున్నా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

నా కత్తి 2002 జనవరిలో కొన్నాను. కొత్త యూరో నోట్లతో కొన్న మొదటి ఖరీదైన వస్తువు అదే, ఇప్పటికీ రోజూ అదే వాడుతున్నాను. గీసుకునే ముందు అంచును సరిచేసుకునే తోలుపట్టీ మాత్రం రెండోది. పట్టీమీద కత్తిని వీపు, అంటే అంచుకు ఎదురుగా ఉండే మందపాటి వైపు, ముందుండేలా లాగాలి, చివరకు వచ్చాక వీపుమీదే తిప్పాలి. నేను అంచుమీద తిప్పి మొదటి పట్టీని కోసి ముక్కలు చేశాను. ఆ ముప్ఫై యూరోలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక ముఖం. చిన్నప్పుడు మా ఊళ్ళో క్షవరం చేసే ఆయన అరుగుమీద కూర్చోబెట్టి, సబ్బన్నది లేకుండా, వట్టి నీళ్ళు అద్ది గడ్డాన్ని వేళ్ళతో చాలాసేపు రుద్దేవారు. కబుర్లకోసం కాలయాపన చేస్తున్నారని అనుకునేవాణ్ణి. ఏడాదికోసారి కళ్ళంలో కొలిచే గింజలు తీసుకునే ఆ మనిషి అంతసేపూ చేసింది అసలు పని అని, దవడమీద రెండు మచ్చలు పడ్డాక నాకు అర్థమైంది. వెంట్రుక నీళ్ళు పీల్చుకుని మెత్తబడటానికి రెండు మూడు నిమిషాలు కావాలి. అందుకే స్నానం చేసిన వెంటనే గీసుకోండి, అప్పుడు వేణ్ణీళ్ళకు వేరే ఖర్చు ఉండదు. బ్రష్షును గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, సబ్బుమీద తిప్పి, నీళ్ళు చుక్క చుక్కగా కలుపుతూ నురగ తీయండి. నురగ పెరుగులా చిక్కగా ఉండాలి, బుడగలు కనిపించకూడదు. మీ నీళ్ళ కఠినత నీటి సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటుంది. జర్మన్ కఠినత కొలతలో అది 14 డిగ్రీలకు మించితే సబ్బు నురగ సరిగా నిలవదు. అలాంటి చోట కాచి చల్లార్చిన నీళ్ళు ఒక గ్లాసుడు పక్కన పెట్టుకుంటే చాలు, ఫిల్టరు కొననక్కరలేదు.

నురగ పూశాక ఒక నిమిషం ఆగి, పటిక రుద్దిన వేళ్ళతో చర్మాన్ని జారకుండా బిగించి పట్టుకుని, కత్తిని చర్మానికి ముప్ఫై డిగ్రీల వంపులో ఉంచి, వెంట్రుక వాలు వెంటే లాగండి. మొదటి రెండు వారాలు చెంపలకే పరిమితం కండి, చుబుకం పాత రేజరుకు వదిలేయండి. వంకర తిరిగే వెంట్రుకైతే, ఎదురు గీస్తే లోపలికి పెరిగి కురుపులు కావచ్చు.

ఇప్పుడు అసలు లెక్క. కొత్త సోలింగెన్ కత్తికి వందకు పైనే, పట్టీకి నలభై, బ్రష్షూ సబ్బూ ఇరవై, అంతా కలిపి నూట ఎనభై యూరోలు అనుకోండి. పైగా ఏడాదికోసారి సాన పట్టించడానికి ఇరవై. రెండు వారాలకో కార్ట్రిడ్జ్ వాడినా ఏడాదికి డెబ్భై ఎనభై దాటదు. అంటే మూడేళ్ళకు గానీ పెట్టుబడి తిరిగి రాదు. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే విద్యార్థి ఖాతా (బ్లాక్డ్ అకౌంట్) నుంచి 2024 సెప్టెంబరు మొదలు నెలకు విడుదలయ్యేది 992 యూరోలు. ఈ అంకె మారుతుంటుంది, రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో చూసుకోండి. అందులోంచి నూట ఎనభై తీసి కత్తిమీద పెట్టమని నేను చెప్పను. ఈ నెల బ్రష్షూ, సబ్బూ, పటికా మాత్రం కొని, మీ దగ్గరున్న రేజరుతోనే పైన చెప్పిన పద్ధతిలో గీసుకోండి. సగం బాధ దానితోనే తీరుతుంది. ఉద్యోగం వచ్చాక కత్తి కొందురుగాని.

సానరాయి మాత్రం ఎప్పటికీ కొనవద్దు, ఆ పని తెలిసినవారికే వదిలేయండి. విద్యార్థి టికెట్టు ఉంటే కొలోన్ మీదుగా సోలింగెన్ వెళ్ళిరావడానికి వేరే ఖర్చు లేదు. రైళ్ళలో కత్తులపై 2024 చివర్లో నిబంధనలు బిగించారు గనుక, మూసిన పెట్టెలో పెట్టి సంచి అడుగున ఉంచండి. పొద్దున్నే పులిహోర డబ్బా కట్టుకుని బయలుదేరండి, స్టేషన్‌లో శాండ్‌విచ్ ఐదు యూరోలు.