ఐఈపీ మీటింగ్‌లో పీఈ సంగతి అడిగారా?

ఆటిజం, డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్న పిల్లలతో అమెరికాకి కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు నన్ను అడిగేవి దాదాపు రెండే. స్పీచ్ థెరపీ వారానికి ఎన్నిసార్లు ఇస్తారు, ఇన్సూరెన్సులో ఏబీఏ (ప్రవర్తన మీద పనిచేసే థెరపీ) వస్తుందా అని. రోజులో ఎంతసేపు పరిగెడుతున్నాడు, చెమట పట్టేలా ఏమైనా ఆడుతున్నాడా అన్న ఊసే రాదు. వాళ్లని తప్పు పట్టడం లేదు, నేనూ మూడేళ్లు అడగలేదు. మా అమ్మాయికి డౌన్ సిండ్రోమ్. పీఈ (వ్యాయామ విద్య) పీరియడ్ మొత్తం తనని బెంచీ మీద కూర్చోబెట్టి బంతులు పట్టుకోమంటున్నారని రెండో తరగతిలో గానీ నాకు తెలియలేదు. ఆ బాధ ఇంకా పోలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఇక్కడున్న ఐడియా చట్టంలో స్పెషల్ ఎడ్యుకేషన్ అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే వ్యాయామ విద్య ఉంది, 1975 నాటి మొదటి చట్టం నుంచీ ఉంది. కాబట్టి అది స్కూలు దయతలచి ఇచ్చేది కాదు. అందరితో కలిసి ఆడటం కుదరని పిల్లలకి అడాప్టెడ్ పీఈ, అంటే వాళ్లకి తగ్గట్టు మార్చిన పీఈ ఉంటుంది, దానికి అసెస్‌మెంట్ చేయమని రాతపూర్వకంగా అడగండి, ఐఈపీలో, అంటే మీ పిల్లల కోసం స్కూలు రాసే ప్రత్యేక చదువు ప్లాన్‌లో, గోల్స్‌తో సహా రాయించండి. "ఫిజికల్ థెరపీ ఇస్తున్నాం కదా" అంటే ఒప్పుకోవద్దు, థెరపీ వేరు, ఆట నేర్పడం వేరు. హెచ్4 వీసా మీద ఉన్నాం, అడగొచ్చా అని చాలామందికి టెన్షన్. పబ్లిక్ స్కూల్లో చదివే పిల్లలకి వీసాతో సంబంధం లేదు, ధైర్యంగా అడగండి.

స్కూలు బయట మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఆటలు నడిపే స్పెషల్ ఒలింపిక్స్ ఉంది, 1968లో షికాగోలో మొదలైంది. గెలిచేవాళ్లకే అనుకుని చాలామంది ఆ వైపే వెళ్లరు. పోటీలకి 8 ఏళ్లు నిండాలి, పై వయసుకి పరిమితి లేదు, 2 నుంచి 7 ఏళ్ల వాళ్లకి యంగ్ అథ్లెట్స్ వేరే ఉంది. పిల్లల దగ్గర ఫీజు తీసుకోరు, డాక్టర్ పరీక్ష చేసి సంతకం పెట్టిన ఫారం మాత్రం కావాలి.

ఆ పరీక్షని మొక్కుబడిగా కానివ్వకండి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాళ్లలో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది, కొందరికి మెడ ఎముకల పట్టు వదులుగా ఉంటుంది. మెడనొప్పి వచ్చినా, నడక మారినా, చేతుల్లో బలం తగ్గినా, కొత్తగా బట్టల్లో మూత్రం పోసుకుంటున్నా ఆట ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ పిల్లలకి ఆరేళ్లు నిండేదాకా ట్రాంపొలిన్ వద్దు. ఆటిజం పిల్లలైతే అన్నిటికంటే ముందు ఈత నేర్పించండి, ఎందుకంటే చాలామంది చెప్పకుండా ఇంట్లోంచి వెళ్లిపోతారు, నీళ్లంటే వాళ్లకి విపరీతమైన ఆకర్షణ, మునిగిపోయే ప్రమాదం నిజంగా ఎక్కువ. మూర్ఛ ఉంటే నీళ్లలో చేతికందేంత దగ్గరలో పెద్దవాళ్లు ఉండాల్సిందే. ఆటిజం పిల్లల్లో చిరాకు తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్ లాంటి మందులు ఆకలిని, బరువుని పెంచుతాయి, మందు మీ అంతట మీరు ఆపకుండా డాక్టర్‌తో మాట్లాడండి, కదలిక మాత్రం పెంచండి.

రోజుకి సగటున 60 నిమిషాలు చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, 5 నుంచి 17 ఏళ్ల వికలాంగ పిల్లలకీ అంతే. ఆ లెక్క చూసి బెదిరిపోకండి, మేము పది నిమిషాలతో మొదలుపెట్టాం. రోజూ అదే టైము, అదే దారి. నోటితో చెప్పడం మానేసి చేసి చూపిస్తే మా అమ్మాయి చాలా త్వరగా పట్టుకుంది. జిమ్‌లో ఈల మోతకి చెవులు మూసుకునే పిల్లలకి హెడ్‌ఫోన్స్ పెట్టండి, ఆట మానిపించకండి. 21, 22 ఏళ్లకి స్కూలు అయిపోయాక చాలామంది సోఫాకి అతుక్కుపోతారు, అప్పుడు కొత్తగా అలవాటు చేయడం ఎంత కష్టమో చూశాను.

ఐఈపీ మీటింగ్‌కి ఇంకా ఆరు నెలలు ఉందని ఆగక్కర్లేదు. తల్లిదండ్రులు ఎప్పుడైనా మీటింగ్ అడగొచ్చు. పీఈ పీరియడ్‌లో మీ పిల్లలు ఏం చేస్తున్నారో చెప్పమని ఈ రాత్రే టీచర్‌కి ఒక ఈమెయిల్ పెట్టండి.